పశువుల బాట మీద తీగ

"రేపు పొద్దుగాల ఆఖరు గుంజకాడ ఎర్తు కావాలె. మరువకు," అన్నాడు అమానుల్లా సాహెబు సైకిలెక్కుతూ.

కురుమూర్తి సైకిలు వెనక పట్టుకున్నాడు. "ఎన్ని దినాలకు సాబ్?"

"ఎన్ని దినాలేంది? తీగ ఉన్నన్ని దినాలు. నడుములోతు గుంత తీసి పాతిపెడదాం. రోజు మీదికెల్లి ఉప్పునీళ్ళు పొయ్యాలె. చిన్న పనే."

సైకిలు గట్టు దిగి పోయింది. కురుమూర్తి మాత్రం గట్టు మీద గుంజకు జతగా మరో గుంజయి నిలబడ్డాడు. అతనికున్నవి రెండే ఎద్దులు. అందులో ఎర్రది రెండు రోజులుగా చొల్లు కారుస్తూ మేత ముట్టడం లేదు. దాన్ని చూసే అడిగాడా సాహెబు? నడుములోతు గుంతలో పాతిపెట్టడం చిన్న పనా?

ఇంటికి వచ్చి చెబితే బాలమ్మ చేతిలోని చాట జారింది. "బతికున్నదాన్నేనా?"

"అది అడగలే."

"అడగాలె కద! నోరెందుకుంది నీకు, రొట్టె తిననీకేనా?"

తెల్లవారి కురుమూర్తి ఎర్రెద్దును పలుపుతో లాక్కుంటూ, బాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటూ, ఆఖరు గుంజ దగ్గరికి చేరారు. సాహెబు అప్పటికే గుంత తవ్వించి ఉన్నాడు. ఎద్దును చూసి, "దీన్నెందుకు పట్టుకొచ్చినవ్?" అన్నాడు.

"మీరే కద సాబ్ ఎద్దు కావాలె, పాతిపెట్టాలె అన్నరు..."

సాహెబు ఎద్దును చూశాడు, గుంతను చూశాడు. సంచిలోంచి పళ్ళెమంత రాగి రేకు తీశాడు. "ఎర్తు నాయనా, ఎర్తు! భూమితోని తీగకు పొత్తు కలిపే రేకు. ఎద్దు కాదు!" అని నవ్వీ నవ్వీ గట్టు మీద కూలబడ్డాడు. కురుమూర్తికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బాలమ్మకు నవ్వు రాలేదు. సాహెబు మెడలో వేలాడుతున్న, చెవులకు పెట్టుకొని వినే నల్లటి డిప్పల వంక చూస్తూ, "మా ఆయనకు చెవులు తక్కువ, మీకు చెవులెక్కువ సాబ్. నడుమ నా ఎద్దు పోతుండె," అన్నది.

అమానుల్లా వనపర్తి తంతి ఆఫీసులో తార్ బాబు. పగలంతా మీట మీద వేలు పెట్టి పరాయివాళ్ళ మాటలు పంపడం ఆయన కొలువు. తెల్లవారుజామున తన సొంత మీట మీద దేశదేశాల వాళ్ళతో టకటకమని మాట్లాడుకోవడం ఆయన సరదా. దానికి సర్కారు ఇచ్చిన పరవానా కూడా ఉంది. అయితే మిద్దె మీద ఎంత ఎత్తున తీగ కట్టినా, పొడుగాటి అలల మీద వచ్చే దూరదేశాల మాట ఆయనకు అందడం లేదు. చెవినిండా చిటపటలే. చివరికి ఏదో పుస్తకంలో ఉపాయం దొరికింది. తీగను ఎత్తుగా కాదు, పొట్టి గుంజల మీద కట్టాలి. నేలకు దగ్గరగా, చాలా పొడుగ్గా, ఏ దేశం మాట కావాలో ఆ దేశం దిక్కుకు సూటిగా.

"ఎత్తు మీద కడితే ఆకాశంల ఉరుములన్నీ దాంట్లనే పడతయి," అని కురుమూర్తికి విప్పి చెప్పాడు. "మనిషెత్తున కట్టినమనుకో, ఉరుములు పైనుంచే పోతయి. దూరం మాట మాత్రం నేల పట్టుకొని వచ్చి దొరుకుతది."

సూటిగా మూడు వందల గజాలు కావాలి. వనపర్తి చుట్టూ దిక్సూచి ముల్లు చూసుకుంటూ తిరిగి తిరిగి, రెండు కోసుల దూరంలోని ఎర్రగట్టులో కురుమూర్తి చేను దగ్గర సైకిలు ఆపాడు. పొడుగే తప్ప వెడల్పు లేని ఆ పల్లి చేనును చూసి ఇంతకాలం నవ్వినవాళ్ళే గానీ మెచ్చినవాడు లేడు. కురుమూర్తి మురిసిపోయి దరఖాస్తు కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఇరవై గుంజలు పాతారు. గుంజకో పగిలిన సీసా మెడ తొడిగి, దాని మీదుగా రాగి తీగ లాగారు. చేను నడుమ నుంచి ఊరి పశువుల బాట పోతుంది కాబట్టి, అక్కడ మాత్రం రెండు గుంజలు ఎత్తుగా, నెత్తిన గడ్డిమోపుతో మనిషి పోయేంతగా నిలిపారు.

మంచె కింద మిషను పెట్టుకొని సాహెబు మొదటి తెల్లవారుజామున చెవులకు డిప్పలు తగిలించుకున్నప్పుడు, కురుమూర్తి పక్కనే కూర్చున్నాడు. సాహెబు ముఖం మెల్లగా వెలిగింది. డిప్పలు తీసి కురుమూర్తి చెవులకు పెట్టాడు. లోపల వాన వెలిసినాక చూరు నుంచి చుక్కలు పడ్డట్టు సన్నగా కీ కీమని చప్పుడు.

"ఎవరు సాబ్?"

"మంచు కురిసే దేశంల ఒకడు. ఎవరన్న వింటున్నరా అని అడుగుతుండు."

కురుమూర్తి డిప్పలను చెవులకు గట్టిగా అదుముకున్నాడు. "వింటున్నమని చెప్పండి సాబ్, పాపం."

"ఇది చెవే. నోరు నా ఇంటికాడ ఉంది," అని నవ్వాడు సాహెబు.

---

రోజూ పొద్దున్నే కడవెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి ఆఖరు గుంజ మొదట్లో పోయడం కురుమూర్తి పని అయింది. నేల ఆరితే తీగకు చెవుడొస్తుందని సాహెబు చెప్పాడు. కురుమూర్తి చెప్పులు విప్పి, కడవ వంచి, నీళ్ళు చుట్టూ ఇంకేలా తిరుగుతూ పోసేవాడు. చెప్పులు విప్పింది బురదకు. చుట్టూ తిరిగింది రేకంతా తడవాలని. చూసేవాళ్ళకు మాత్రం అది వేరుగా కనిపించింది.

ఎందుకంటే ఆ వారమే ఊళ్ళో గాలికుంటు దిగింది. పశువుల నోళ్ళు పుండ్లు పడ్డాయి, గిట్టలు చీలాయి. గోవిందు దొడ్లో రెండు బర్రెలు నిలబడలేక మోకాళ్ళ మీద పాకాయి. ఏటా రోగం సోకగానే ఎర్రగట్టులో ఒక తాడు కట్టేవారు. ఎడమ చేతి వాటంగా పేనిన తాడును పశువుల బాటకు అడ్డంగా కట్టి, వేపరెమ్మలు గుచ్చి, తెల్లవారుతూనే పశువులన్నిటినీ దాని కింద నుంచి తోలాలి. తాడు దానంతట అది తెగి పడేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. విప్పినవాడి దొడ్లోకే రోగమంతా పోతుందని భయం. ఆ తాడు పేనే ముసలాయన నిరుడు చచ్చిపోయాడు. ఈ ఏడు పేనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

అలాంటప్పుడు, బాటకు అడ్డంగా, గుంజలకు సీసా మెడలు తొడిగి, నిగనిగలాడే తీగ ఒకటి ప్రత్యక్షమైంది. దాని మొదట్లో రోజూ ఒకడు చెప్పులు విప్పి ఉప్పునీళ్ళు పోస్తున్నాడు. దాని కొసన ఒక సాహెబు కళ్ళు మూసుకొని గాలిలోకి చెవి పెడుతున్నాడు.

"గాలిల పోయే మాటను పట్టేటాయన, గాలికుంటును పట్టలేడా?" అన్నాడు గోవిందు.

ఊరికి అంతకంటే సాక్ష్యం అక్కరలేకపోయింది. మర్నాడు ముందుగా సాయమ్మ తన లేగదూడను తీగ కింద నుంచి తోలింది. మొగుడు పోయాక ఆ దూడా, దాని తల్లీ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. తోలి, కడవ పట్టుకొని నిలబడ్డ కురుమూర్తి దగ్గరికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకొని రహస్యంగా అడిగింది.

"సాహెబు నీక్కూడ చెప్పిండా బిడ్డా, ఆ మంత్రం?"

కాదు పెద్దమ్మా, ఇది వేరే పని అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ కురుమూర్తిని ఏదైనా తెలిసినవాడని ఎర్రగట్టులో ఎవరూ అనుకోగా అతడు ఎరుగడు. ఆమె కళ్ళలో ఆ ఆశ చూశాడు, ఆ గౌరవం చూశాడు. ఏమీ అనలేదు. ఊరికే నవ్వాడు.

ఆ నవ్వు ఊరంతా తిరిగింది. పొద్దెక్కేసరికి ఇంటికి చెంబెడు పెరుగొచ్చింది. పోలీసు పటేలు వెంకటన్న అరుగు మీద పక్కకు జరిగి "కూసో కురుమూర్తీ" అన్నాడు. నాలుగో రోజుకు ఎర్రెద్దు గడ్డి అందుకుంది. అది మందకంటే ముందే రోగం సోకి, దాని పాటికి అది తేరుకుంటున్న ఎద్దు. అయితే రోజూ చేనికి పోతూ వస్తూ తీగ కిందనే నడిచింది కదా! ఐదో రోజుకు బాట దగ్గర తీగ కనిపించకుండా వేపరెమ్మలు, పసుపు గుడ్డలు, దర్గా నుంచి తెచ్చిన తాయెత్తులు రెండు వేలాడాయి. వేప తగిలితే తీగ వినదేమోనని కురుమూర్తికి తోచింది. సాహెబుకు ఆ వారమంతా ఆఫీసులోనే పనయి చేను వైపు రాలేదు. వస్తే చెబుదాం అనుకున్నాడు. రాకపోతే బాగుండు అని కూడా అనుకున్నాడు.

ఆ విధంగా తంతి కాస్తా తంతుగా మారింది. ఇది తెలిస్తే ఊరంతా కలిసి తంతారేమోనన్న బెదురొకటి కురుమూర్తికి అప్పుడే పట్టుకుంది.

---

బుధవారం దీపాల వేళ అమానుల్లా చేను దగ్గరికి కాకుండా నేరుగా కురుమూర్తి ఇంటికే వచ్చాడు. సైకిలు గోడకు ఆనించలేదు. పడేశాడు.

"జంగ్ మొదలైంది," అన్నాడు.

లోపలి నుంచి బాలమ్మ, "జంగమాయన వచ్చిండా? చాటల జొన్నలున్నయి, పెట్టి పంపు," అన్నది.

ఎవరూ నవ్వలేదు. సాహెబు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కొట్లాట. దేశాల కొట్లాట. ఆదివారం నుంచి. మా లాంటోళ్ళ పరవానాలన్నీ రద్దు చేసిండ్రు. మిషన్లు అప్పజెప్పమని హుకుం. రేప్పొద్దుగాల నేను మిషను పట్టుకొని వనపర్తి ఠాణాకు పోతున్న."

"తీగ, సాబ్?"

"అదే చెప్పనీకి వచ్చిన. శుక్రవారం లోపల విప్పి, చుట్ట చుట్టి ఠాణాల ఇయ్యి. మూడు నూర్ల గజాలని దరఖాస్తుల రాసిన. తక్కువ పడొద్దు. శత్రువులకు ఇక్కడి సంగతులు చెప్తున్నమని పట్టుకపోతరు. నీ వేలిముద్ర గూడ ఉంది దాంట్ల."

కురుమూర్తి అరచేతిని ధోవతికి తుడుచుకున్నాడు, ఆ సిరా ఇంకా అంటుకొని ఉన్నట్టు. "నేను సంగతులు చెప్పుడేంది సాబ్? మా అత్తగారింటికి పోతే నాకు నోరు లెవ్వదు! అయినా అది వినే తీగ కద, మీరే అంటిరి."

"చెవి ఉన్నోనికి నోరుండదా అంటరు." సాహెబు సైకిలు లేపాడు. హాండిలు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. రోజంతా మీట మీద తొణకని ఆ వేళ్ళు వణకడం కురుమూర్తి అంతవరకు చూడలేదు. "మరువకు కురుమూర్తీ. శుక్రవారం."

ఊరు తీగను ఏం చేసుకుందో చెప్పాలని కురుమూర్తి నోరు తెరిచాడు. సైకిలు వెనక చక్రం అప్పటికే మలుపు తిరుగుతోంది.

---

గురువారం పొద్దున అతడు కొడవలీ పటకారూ పట్టుకొని ఆఖరు గుంజ నుంచి మొదలుపెడదామనుకున్నాడు. అటు కొసన ఎవరూ ఉండరు. ఒక్కో గుంజా విప్పుకుంటూ బాట దాకా వస్తే, అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

మొదటి ముడికి పటకారు వేశాడో లేదో, తీగ పొడుగునా సన్నగా ఝుమ్మంది. ఆ అదురు చేను దాటి బాట దాకా పాకింది. బాట దగ్గర వేపరెమ్మలు కదిలాయి. గాలి లేదు. వాటి కింద లేగదూడను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న సాయమ్మ తలెత్తింది.

"ఎవర్రా అది? తాడు ముట్టుకుంటుండ్రు!"

ఆమె కేకకు పల్లి తెంపే ఆడవాళ్ళు, దారిన పోయే మగవాళ్ళు, చేతికందిన కర్రలతో గోవిందు, అందరూ చేనుకు అడ్డం పడి ఉరికొచ్చారు. పటకారుతో దొరికింది కురుమూర్తి.

"నువ్వా?" గోవిందు కర్ర దించలేదు. "నీ ఎద్దు మంచిగైంది, ఇగ మావి సావాల్నా బావా?"

"అది కాదు, గోవిందూ..."

"ఏది కాదు? విప్పినోని దొడ్లకు పోతదని తెల్వదా? లేకపోతే ఇంకొక ఊరికి అమ్ముకున్నవా?"

సాయమ్మ మెల్లగా వచ్చింది. దూడను రెండు చేతులతో ఎత్తుకొని వచ్చింది. దాని నాలుక పక్కకు వేలాడుతోంది. "కురుమూర్తీ, ఇది రాత్రి నుంచి చన్ను పడ్తలేదు. రెండు దినాలు ఆగు బిడ్డా. రెండు దినాల్ల నిలుస్తది. అప్పుడు నేనే నీ కాళ్ళు మొక్కి విప్పమంట."

రెండు రోజులంటే శనివారం. ఠాణా వాళ్ళు శుక్రవారం దగ్గరే ఆగిపోయారు.

సర్కారు తీగ అని చెప్పేద్దామా? చెబితే మరుక్షణం అడుగుతారు: మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు? ఆ నవ్వెందుకు? పెరుగెందుకు తిన్నావు? గోవిందు చేతిలోని కర్ర మీద చీమ ఒకటి పాకుతోంది. కురుమూర్తి దాన్నే చూస్తూ, "ముడి వదులైందేమోనని బిగిస్తున్న," అన్నాడు.

గోవిందు కర్ర దించాడు. సాయమ్మ దండం పెట్టింది. అబద్ధం రెండోది. మొదటిదానికి మాట కూడా ఖర్చు కాలేదు.

ఇంటికి పోయి బాలమ్మకు చెప్పాడు. ఆమెకు తీగ సంగతి మొదటి నుంచీ తెలుసు. రాగి రేకు పాతడం తన కళ్ళతో చూసింది. ఆమే ఏదైనా దారి చెబుతుందనుకున్నాడు.

బాలమ్మ ఎర్రెద్దు గంగడోలు నిమిరింది. "విప్పకు," అన్నది.

"అది తీగనే బాలమ్మా! నీకు తెల్వదా?"

"తెలుసు. రేకు తెలుసు, సీసాలు తెలుసు. కాని ఊరంత మొక్కినంక అది ఏమైందో నాకు తెల్వదు. నువ్వు విప్పినంక దీనికి మళ్ళ చొల్లు కారితే?"

కురుమూర్తి కోపంతో లేచాడు గానీ, ఆ కోపం గడప దాటలేదు. ఎందుకంటే పొద్దున ఆ తీగ ఝుమ్మన్నప్పుడు తన వెన్నులో కూడా అదే ప్రశ్న పాకింది. ఠాణా భయం ఒక పక్క, ఊరి భయం ఒక పక్క. ఆ రెంటి నడుమ, తనే అల్లి తనే నమ్మడం మొదలుపెట్టిన భయం ఇంకొకటి.

---

శుక్రవారం పొద్దున, మంద బాటకు రాకముందే, ఠాణా నుంచి జమేదారు నిజాముద్దీన్ గుర్రం మీద వచ్చాడు. వెంట పటేలు వెంకటన్న నడుస్తున్నాడు. కురుమూర్తి కడవతో ఆఖరు గుంజ దగ్గర ఉన్నాడు. గుర్రాన్ని చూడగానే కడవ జారి పల్లి మొక్కల మీద ఒలికిపోయింది. కాళ్ళు వాటంతట అవే బాట వైపు నడిచాయి.

అప్పటికి జనం పోగయ్యారు. జమేదారు బాటకు అడ్డంగా వేలాడుతున్న వేపరెమ్మలనూ తాయెత్తులనూ చూసి కళ్ళెం బిగించాడు. "ఇదేంది?"

"పశువుల తాడు సర్కార్," అన్నాడు గోవిందు. "గాలికుంటు వచ్చింది."

జమేదారు ముఖంలో దర్జా సగం దిగింది. ఆయనదీ ఉప్పునుంతల వైపు పల్లెటూరే. అక్కడా బాటకు తాడు కట్టడం చూస్తూ పెరిగినవాడు. గుర్రాన్ని మెల్లగా తాడు కింద నుంచి దాటించాడు. ఒకసారి వెనక్కి చూసుకొని, మళ్ళీ ఇటు దాటించాడు. "దీనికి గూడ నిన్నటి నుంచి జర మేత తక్కువైంది," అని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

తరువాత గొంతు సవరించుకొని కాగితం విప్పాడు. "సరే. వనపర్తి తార్ బాబు అమానుల్లా ఈ ఊర్ల వైర్‌లెస్ తీగ కట్టిండట. మూడు నూర్ల గజాలు. యాడుంది?"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అసొంటిది ఇక్కడ ఏం లేదు సర్కార్," అన్నాడు పటేలు నిజాయితీగా. "తార్ కంబాలు సడక్ మీదనే ఉన్నయి. ఎత్తుగ. ఇక్కడ ఎత్తుగ కట్టిందేది లేదు."

"సాహెబు వచ్చేది నిజమే," అన్నది సాయమ్మ. "మా గొడ్ల కోసం వచ్చిండు."

జమేదారు నాలుగు దిక్కులా పైకి చూశాడు. ఆకాశం, రెండు గద్దలు తప్ప ఏమీ లేవు. తీగ అంటే ఎత్తున వెతకాలి కదా మరి. తలకు బెత్తెడు పైన వేపాకుల్లో ఉన్నదాన్ని ఆయన ఇప్పుడే రెండుసార్లు దాటి వచ్చాడు.

కురుమూర్తి రెండడుగులు వెనక్కి జరిగాడు. గండం దాటిపోయింది! నోరు మూసుకొని నిలబడితే చాలు. ఠాణా లేదు, కర్రలు లేవు, ఎద్దుకూ భయం లేదు. ఊరే సాక్ష్యం చెప్పింది. ఒక్కొక్కరూ నిజమే అనుకుంటూ చెప్పింది.

జమేదారు కాగితం మడిచాడు. "అయితే ఆ తార్ బాబుదే తప్పు. మిషను ఇచ్చిండు గని తీగ ఇయ్యలే. ఎర్రగట్టుల ఉంది, ఇయ్యాల వస్తదని ఒకటే మాట. తీగ దాచిపెట్టి ఎవనికో ఇచ్చిండని మావోళ్ళ అనుమానం. నిన్నటి నుంచి కూసోబెట్టిండ్రు. ఇగ లేవనియ్యరు."

"కూసోబెట్టుడంటే?" అడిగాడు కురుమూర్తి.

"జంగ్ నడుస్తుంది. జంగ్‌ల కూసోబెడితే ఎన్నడు లేపుతరో ఎవనికెరుక?" జమేదారు గుర్రాన్ని తిప్పాడు.

హాండిలు మీద వణికిన వేళ్ళు కురుమూర్తి కళ్ళముందు ఆడాయి. ఎర్రగట్టులో ఉంది, ఇవ్వాళ వస్తుంది అని ఒకటే మాట. ఆ మాట కురుమూర్తి మీద పెట్టుకొని అక్కడ కూర్చున్నాడు ఆయన.

"జమేదార్ సాబ్," అన్నాడు కురుమూర్తి. గుర్రం ఆగలేదు. ఈసారి అరిచాడు. "జమేదార్ సాబ్! అదే! గాడ మీ నెత్తి మీద ఉన్నదే!"

గుర్రం ఆగింది. ఊరు ఆగింది.

"అదే తీగ. తాడు కాదు. సాహెబు పొట్టిగ కట్టిండు, దూరం మాట నేలబారున వస్తదని. సీసాలు తీగకు గుంజ తగలకుండ. ఉప్పునీళ్ళు రాగి రేకు కోసం. గాలికుంటుకు దానికి ఏం సంబంధం లేదు. సాహెబుకు మీ గొడ్ల సంగతే తెల్వదు. మీరు తాడనుకున్నరు. నేను..." సాయమ్మ వైపు తిరిగాడు. "నేను కాదనలే. పెద్దమ్మ అడిగితే నవ్విన. నిన్న ముడి బిగిస్తున్న అన్న. అదీ అబద్ధమే, విప్పనీకొచ్చిన."

గోవిందు కర్రను చేయి మార్చుకున్నాడు. దెబ్బ ఎటు నుంచి వస్తుందోనని కురుమూర్తి మెడ భుజాల్లోకి కుంచించుకుంది.

"మరి దాంట్ల ఏం వినొస్తది?" అని అడిగింది సాయమ్మ.

"మంచు దేశంల ఒకడు ఎవరన్న వింటున్నరా అని అడిగిండు. అంతే విన్న."

ఆమె దూడ వంక చూసింది. తీగ వంక చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పన్నెండు దినాలు మేము గూడ గదే అడిగినం," అన్నది. తిట్టినా అంత నొచ్చేది కాదు.

జమేదారు తేరుకున్నాడు. "అయితే విప్పుండ్రి. జల్ది."

ఎవరూ కదల్లేదు. తీగ అని తెలిసింది. తెలిసినా చెయ్యి ముందుకు రాదు. వేపరెమ్మలు అలాగే ఉన్నాయి, తాయెత్తులు అలాగే ఉన్నాయి.

"మీరే విప్పుండ్రి సర్కార్," అన్నాడు పటేలు.

"నేనా?" జమేదారు గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. "నేను గుర్రాన్ని పట్టుకోవాలె."

కురుమూర్తి నడుముకు చెక్కుకున్న పటకారు తీశాడు. బాట పక్కన మొదటి పొట్టి గుంజ దగ్గరికి నడిచాడు. జనంలో బాలమ్మ కనిపించింది. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. అతడు చెయ్యెత్తాడు. వేళ్ళు ముడిని ముట్టకుండా ఆగిపోయాయి. ఎర్రెద్దు ఎక్కడో వెనక గడ్డి నములుతున్న చప్పుడు మాత్రం బాగా వినిపిస్తోంది.

"ఆగు," అన్నాడు గోవిందు.

కురుమూర్తి కళ్ళు మూసుకున్నాడు. కర్ర నేలమీద పడ్డ చప్పుడైంది. గోవిందు వచ్చి బాట అవతలి పొట్టి గుంజ ముడి మీద చెయ్యి పెట్టాడు. "విప్పినోని దొడ్లకు పోతది అంటరు కద. అందరం విప్పితే యాడికని పోతది? పోతే అందరి దొడ్లకు జరంత జరంత పోనీ. నీ ఒక్కని ఎద్దు మీద ఎందుకు? నీ మీద కోపం నాకు వేరే ఉంది, తర్వాత చూసుకుంట."

సాయమ్మ దూడను కింద పడుకోబెట్టి, తీగకు వేలాడే వేపరెమ్మలను పట్టుకుంది. పటేలు ఒక గుంజ దగ్గరికి, బాలమ్మ మరో గుంజ దగ్గరికి పోయారు. చేను పొడుగునా గుంజకొకరు నిలబడ్డారు. జమేదారు కాసేపు చూసి, గుర్రాన్ని పటేలు జీతగాడికి అప్పగించి, తలపాగా సర్దుకొని, మిగిలిపోయిన గుంజ దగ్గర నిలబడ్డాడు.

తీగ ఒక్కసారిగా వదులై, పల్లి చేను మీద పొడుగ్గా వాలింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ ఎవరి అరచేతులు వాళ్ళు చూసుకున్నారు.

చుట్ట చుట్టి, గజాలు కొలిచి, జమేదారు రాసుకుంటుండగా, యాదమ్మ తన నాలుగు బర్రెలను తోలుకుంటూ వచ్చింది. రోజూ ఆమే అందరికంటే ఆలస్యం. రెండు గుంజల నడుమ వట్టి ఆకాశాన్ని చూసి కెవ్వుమన్నది. "తాడేది? ఎవడు తీసిండు?"

"అది తాడు కాదు!" అన్నారు అందరూ ఒక్కసారే. గోవిందు సీసాల సంగతి చెప్పాడు, పటేలు రాగి రేకు సంగతి చెప్పాడు, సాయమ్మ మంచు దేశపువాడి సంగతి చెప్పింది, జమేదారు జంగ్ సంగతి చెప్పాడు. వాళ్ళు మరిచిన చోట బాలమ్మ అందుకుంది. తీగ పొట్టిగా ఎందుకుందో, ఉరుములు పైనుంచి ఎందుకు పోతాయో కూడా యాదమ్మకు అర్థమైపోయింది. అంతా విని, బర్రెలను చూసుకొని, ఆమె అడిగింది.

"మంచిదే. మరి ఇప్పుడు ఇవి దేని కింద పోవాలె?"

అందరి కళ్ళూ అలవాటు కొద్దీ కురుమూర్తి మీదికే తిరిగాయి.

కురుమూర్తి తీగ చుట్టను భుజానికెత్తుకున్నాడు. "నాకు తెల్వదు యాదమ్మా," అన్నాడు.

జమేదారు గుర్రమెక్కాడు. ఠాణా దాకా రెండు కోసులు. కురుమూర్తి గుర్రం వెనక నడవసాగాడు. పది అడుగులు పోయాక వెనక మరో జత పాదాల చప్పుడు, దాని వెనక కర్ర నేలకు ఆనిస్తూ ఇంకొకటి వినిపించాయి. తిరిగి చూడడానికి భయమేసింది. చూడకుండానే నడిచాడు.

"సాహెబును ఇడిపించేదాక ఠాణాల ఎట్ల చెప్పాల్నో అట్ల నేను చెప్త," అంటోంది, దూడను బాలమ్మకు అప్పగించి వచ్చిన సాయమ్మ, వెనక నుంచి. "నువ్వు మాత్రం నవ్వకు."